తీరం వెంట ఐదు రోజులు సైకిల్, రాత్రికి టెంట్: మొదటిసారి వెళ్తున్నాం, ప్లాన్ చూసి తిట్టండి

కొత్తపెడల్ | శనివారం ఉదయం 7:12

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది కాబట్టి నోరు విప్పుతున్నాను.

నేనూ నా స్నేహితురాలూ తీరం వెంట ఐదు రోజులు సైకిళ్ల మీద వెళ్దామనుకుంటున్నాం. మొత్తం 390 కిలోమీటర్లు. రోజుకి 78 చొప్పున భాగించేశాం. ఇద్దరికీ రోజూ తొక్కే అలవాటుంది, ఆదివారాలు 60, 70 అవలీలగా తొక్కుతాం, ఒకసారి 100 కూడా అయింది. సామాను కట్టుకుని మాత్రం ఎప్పుడూ తొక్కలేదు. టెంట్‌లో పడుకున్నది ఒకే ఒక్కసారి, అదీ మేడ మీద.

అడగాల్సినవి మూడు. తీరం కదా, చదునుగా ఉంటుంది, 78 తేలికేనా? టెంట్ సరిగ్గా బీచ్ మీదే, అలలు కనిపించేలా వేసుకోవచ్చా? (అసలు వెళ్తున్నదే దానికోసం.) సామాను తూకం వేస్తే మనిషికి 19 కిలోలు వచ్చింది, నీళ్లు కాకుండా. ఎక్కువా?


గాలివాటం | శనివారం ఉదయం 8:05

"తీరం కదా, చదునుగా ఉంటుంది" అన్నారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. దూరపు కొండలు నునుపంటారు, దూరపు తీరాలూ అంతే. ఇసుక తీరమైతే సరే, బల్లపరుపే. రాతి తీరమైతే ప్రతి వాగూ సముద్రంలో కలిసేచోట ఓ లోయ కోసి పెడుతుంది. రోడ్డు వంతెన దాకా దిగి, దాటాక మళ్లీ ఎక్కుతుంది. అరవై మీటర్లే కదా అనిపిస్తుంది. రోజుకి పన్నెండు వాగులు దాటితే ఏడువందల ఇరవై మీటర్లు ఎక్కినట్టు. కొండ రోడ్డయితే ఒకసారి ఎక్కి, తాపీగా గంటసేపు దిగొచ్చు. ఇక్కడ దిగుడు రెండు నిమిషాల్లో అయిపోతుంది. కింద వంతెన దగ్గర మలుపుంటుంది కాబట్టి బ్రేకు వేసి, వచ్చిన ఆ కాస్త వేగమూ పోగొట్టుకుంటాం.

అయినా ఎక్కుడు మిమ్మల్ని ఆపదు. ఆపేది గాలి. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కుతుంది, నీళ్లు అంత త్వరగా వేడెక్కవు. నేలమీది గాలి పైకి లేస్తుంటే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. పది, పదకొండు గంటలకి మొదలై మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య దంచి కొడుతుంది. సాయంత్రానికి చల్లబడుతుంది. ఇంకో సంగతి: అది రోజంతా సూటిగా సముద్రం వైపునుంచే రాదు. భూమి తిరగడం వల్ల మధ్యాహ్నానికి మెల్లగా పక్కకి తిరిగి తీరం వెంబడి వీస్తుంది. అంటే మీ వీపుకైనా తగలాలి, ముఖానికైనా తగలాలి.

ముఖానికి తగిలితే ఏమవుతుందో లెక్క చూడండి. గాలి ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది. మీరు 15 వేగంతో వెళ్తున్నారు, ఎదురుగాలి 20. మీ ఒంటికి తగిలేది 35. గాలి లేని రోజుతో పోలిస్తే ఒత్తిడి ఐదు రెట్ల పైమాటే. ఆదివారం 70 తొక్కే కాళ్లే ఆ గాలిలో గంటకి 9 కిలోమీటర్ల దగ్గర నిలబడిపోతాయి.

కాబట్టి కిలోమీటర్లను భాగించడం మానండి, గంటలు పంచుకోండి. తెల్లారి ఐదున్నరకి చక్రం కదలాలి, పదకొండుకి ఆగిపోవాలి. ఆ ఐదున్నర గంటల్లో సామానుతో, టీకీ ఫోటోకీ ఆగుతూ ఎంత అయితే అంత. నా లెక్కలో 55 నుంచి 60.


అలకెరటం | శనివారం ఉదయం 8:20

బ్రో, 78 ఏంటి, నేను సామానుతో 110 కొట్టా. కొట్టి, మర్నాడు బస్సెక్కి ఇంటికొచ్చా.


కొత్తపెడల్ | శనివారం ఉదయం 9:31

బ్రో కాదు, సిస్ :)

గాలివాటం గారూ, భయపెట్టారు కానీ అర్థమైంది. మధ్యాహ్నం గాలి మరీ ఎక్కువుంటే ఆగిపోతాం. అలాగని ముందే 55 అనుకుంటే ఐదు రోజుల్లో చివరిదాకా చేరలేం కదా? మధ్యలో ఒక పెద్ద రోజు, 100 పెట్టుకుంటే?


గాలివాటం | శనివారం ఉదయం 10:02

చివరిదాకా చేరాలని ఎవరు శపథం పట్టారు? 280 దగ్గర బస్సో రైలో దొరికే ఊరు చూసి పెట్టుకోండి. అక్కడ ఆగే వీలు కూడా ప్లాన్‌లో భాగమే. గాలి కలిసొస్తే ముందుకు పోవచ్చు.

ఏ చివర నుంచి మొదలుపెడుతున్నారో మాత్రం రాయలేదు. దానికి రెండు చూడాలి. ఒకటి ఆ నెలలో గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో. అమెరికా పడమటి తీరంలో వేసవిలో తొక్కేవాళ్లలో ఎక్కువమంది ఉత్తరం నుంచి దక్షిణానికే వెళ్తారు, అక్కడ వేసవి గాలి వాయవ్యం నుంచి వస్తుంది కాబట్టి. రెండోది, సముద్రం మీ వైపు ఉండాలి. బళ్లు ఎడమ పక్కన నడిచే దేశంలో సముద్రం ఎడమ చేతికి ఉండేలా వెళ్తే, ఆగాలనిపించిన ప్రతిచోటా రోడ్డు దాటక్కర్లేదు. కుడి పక్కన నడిచే దేశంలో కుడి చేతికి. తైవాన్ చుట్టి వచ్చేవాళ్లు సాధారణంగా అపసవ్యంగా తిరిగేది అందుకే. అక్కడ బళ్లు కుడి పక్కన నడుస్తాయి, అలా తిరిగితే సముద్రం పక్కనే వస్తుంది.

రెండూ కలవకపోతే గాలికే ఓటు వేయండి. రోడ్డు దాటితే చాలు ఫోటో వస్తుంది.


సగంబరువు | శనివారం ఉదయం 11:15

19 కిలోలా!! ఇల్లు మారుతున్నారా?

లిస్టు పెట్టండి, నేను కోస్తా. నా టెంట్, పక్క, బట్టలు, స్టవ్, రిపేరు సామాను కలిపి 8 కిలోలు దాటదు. సీటు వెనక ఒక సంచి, ఫ్రేము మధ్యలో ఒకటి, హ్యాండిల్‌కి ఒక చుట్ట. క్యారియర్ లేదు, బోల్టులు లేవు, లొడలొడ లేదు. ముఖ్యంగా పక్కకి పొడుచుకొచ్చే సంచులు లేవు కాబట్టి గాలి పట్టదు. గాలివాటం గారు చెప్పిన లెక్క ఇక్కడ కూడా పనిచేస్తుంది.


నాలుగుసంచులు | శనివారం ఉదయం 11:48

వచ్చాడండీ కత్తెరతో.

ఆ సీటు సంచి సగం నింపి ఎక్కుడులో లేచి తొక్కండి, కుక్క తోకలా ఊగుతుంది. తడి టెంట్ ఎక్కడ పెడతారు, పొడి పక్కతో కలిపా? పక్క సంచులైతే ఒకటి తడివాటికి, ఒకటి పొడివాటికి. సాయంత్రం కొక్కెం లాగితే చేతికొస్తాయి, పొద్దున్నే మూడు నిమిషాల్లో మళ్లీ తగిలించొచ్చు. చుట్టచుట్టి, కుక్కి, పట్టీలు బిగించే పని నాకొద్దు బాబూ.

కొత్తపెడల్ గారూ, మీకు వెనక క్యారియర్ ఉంది కదా, రెండు పక్క సంచులు చాలు. బరువైనవి అడుగున, పెడల్ వైపుకి జరిపి పెట్టండి. ఎడమా కుడీ సమానంగా తూగాలి, అరకిలో తేడా ఉంటే సరే. తేలికైనదే పైన కట్టండి. టెంట్ కర్రలు, చాప లాంటివి హ్యాండిల్ ముందు కట్టుకోండి. బరువంతా వెనక పడితే ఎక్కుడులో ముందు చక్రం తేలిపోయి, బండి మందు కొట్టినట్టు తిరుగుతుంది.


కొత్తపెడల్ | శనివారం మధ్యాహ్నం 12:30

లిస్టు ఇదిగో, నవ్వకండి. టెంట్ 3.1, పక్కా చాపా 2.4, బట్టలు 4, స్టవ్వూ గిన్నెలూ 1.8, పవర్‌బ్యాంకులు రెండు, మడత కుర్చీ 1.1, పెద్ద టవల్, రెండో జత బూట్లు, పుస్తకాలు రెండు, రిపేరు సామాను, మందులు, తాళం 1.6...


సగంబరువు | శనివారం మధ్యాహ్నం 12:41

టెంట్ ఇద్దరికీ ఒకటేగా? ఒకరు గుడ్డ, ఒకరు కర్రలు పట్టుకోండి. స్టవ్ ఒకటే, తాళం ఒకటే. బట్టలు 4 కిలోలు వద్దు: తొక్కడానికి రెండు జతలు, రాత్రి పడుకోవడానికి ఒక పొడి జత. ఆ పొడి జతని ఏం జరిగినా తొక్కేటప్పుడు వేసుకోకూడదు. రెండో బూట్లకి బదులు చెప్పులు. పుస్తకం ఒకటి. కుర్చీ... కుర్చీ ఏంటండీ.


నాలుగుసంచులు | శనివారం మధ్యాహ్నం 12:44

కుర్చీ ఉంచుకోండి. పదకొండుకే ఆగిపోతారు, తర్వాత ఏడు గంటలు ఏం చేస్తారు, ఇసుకలో గొంతుక్కూర్చుంటారా?


సగంబరువు | శనివారం మధ్యాహ్నం 12:46

...సరే, కుర్చీ ఒప్పుకున్నా. ఇద్దరికీ కలిపి ఒకటే.


ఇసుకగూడు | శనివారం సాయంత్రం 6:10

పొద్దుట్నుంచీ సామాను గొడవే కానీ రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. బీచ్ మీద టెంట్. అది నాది.

నా కథ చెప్తాను. ఏడెనిమిదేళ్ల కిందట, నేనూ మా తమ్ముడూ. సాయంత్రం ఐదున్నరకి బీచ్ చేరాం, సముద్రం ఎక్కడో దూరంగా ఉంది. ఇసుక పొడిగా, మెత్తగా ఉంది. నీళ్లకి నలభై అడుగుల దూరంలో టెంట్ వేశాం, సైకిళ్లు పక్కనే పడుకోబెట్టాం. ఆ రోజు పౌర్ణమి, వెన్నెల చూసి మురిసిపోయాం. అదే పౌర్ణమి కొంప ముంచింది. పదకొండింటికి మెలకువ వస్తే చాప కింద ఎవరో దొర్లుతున్నట్టుంది. చేయి పెట్టి చూస్తే అడుగు గుడ్డ కింద నీళ్లు. బయటికొచ్చేసరికి మా తమ్ముడి సైకిల్ వెనక చక్రం ఇసుకలో సగం దాకా దిగబడి ఉంది, అల వచ్చి స్పోకుల్లోంచి వెనక్కి పోతోంది. ఎవరికీ ఏమీ కాలేదు. తెల్లారేదాకా తడి పక్కల మీద కూర్చున్నాం, అంతే.

ఆటుపోట్లు చాలా తీరాల్లో రోజుకి రెండేసి సార్లు. పోటుకీ పోటుకీ మధ్య పన్నెండు గంటల పాతిక నిమిషాలు. అందుకే రోజురోజుకీ దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. నిన్న ఇదే టైముకి నీళ్లు ఎక్కడున్నాయో చూసి ఈరోజు నమ్మకూడదు. అమావాస్యకీ పౌర్ణమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు బాగా పైకి వస్తుంది. నీళ్లు ఒకే తీరుగా ఎక్కవు కూడా. ఆరు గంటల్లో మొదటి గంట పన్నెండో వంతే ఎక్కుతుంది. "ఏం రావట్లేదులే" అనిపించేది అప్పుడే. మూడో గంటా నాలుగో గంటా కలిపి సగం ఎక్కేస్తుంది. మేం నిద్రపోయింది సరిగ్గా ఆ రెండు గంటలే.

బీచ్ మీద ఎండిన నాచు, పుల్లలు, గవ్వలు ఒక వరసలో పడుంటాయి చూడండి, అది పోటు వదిలిన గీత. ఒక్కోసారి రెండు మూడు గీతలుంటాయి. అన్నిటికంటే పైన, బాగా ఎండిన గీత ఎక్కడుందో దానికీ పైకి వెళ్లండి. ఇసుక దిబ్బల మీద మాత్రం వేయకండి. ఆ గడ్డీ తీగలే దిబ్బని పట్టి నిలబెట్టేవి, తొక్కితే చస్తాయి, తర్వాత దిబ్బ గాలికి పోతుంది. దిబ్బ వెనక, చెట్ల చాటున చోటు చూసుకోండి. అల కనిపించదు, రాత్రంతా వినిపిస్తుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే అసలు బీచ్ మీద మకాం వద్దు, తెల్లలైటు వేయొద్దు. పిల్లలు వెలుగు చూసి సముద్రం అనుకుని ఇటే వచ్చేస్తాయి. ఎక్కడైనా సరే, అక్కడ టెంట్ వేయనిస్తారా లేదా అని ముందే కనుక్కోండి. మంచి తీరాలు చాలావాటిలో వేయనివ్వరు.

మేకులు. మామూలు సన్న మేకు ఇసుకలో వెన్నలో పుల్లే. సామాను సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేయి లోతు గుంటలో పూడ్చి పైన తొక్కండి. టెంట్ చిరుగుతుందేమో కానీ అది రాదు. టెంట్ మూతి నేల వైపు, వీపు సముద్రానికి.


గాలివాటం | శనివారం సాయంత్రం 6:38

అన్నీ బంగారం లాంటి మాటలు. చివరిదానితో మాత్రం గొడవ పెట్టుకుంటా. సముద్రపు గాలి రాత్రంతా ఉండదు. నేల చల్లబడ్డాక తిరగబడుతుంది, నేల వైపు నుంచి సముద్రంలోకి వీస్తుంది. మూతి నేల వైపు పెడితే తెల్లవారుజామున నేరుగా నోట్లోకి కొడుతుంది. మూతి తీరం వెంబడికి, పక్కకి పెట్టండి.


ఇసుకగూడు | శనివారం సాయంత్రం 6:52

నేలగాలి ఎంతండీ, ఉఫ్ అన్నట్టుంటుంది. ఇరవై ఏళ్లుగా నేల వైపే పెడుతున్నా.


గాలివాటం | శనివారం సాయంత్రం 6:55

సరే, వాళ్లు వెళ్లొచ్చి చెప్తారు.


తుప్పువైద్యుడు | ఆదివారం ఉదయం 6:20

లేటుగా చూశాను. మీరంతా మనుషుల గురించే మాట్లాడారు, పాపం సైకిల్ గురించి నేను మాట్లాడతా.

ఉప్పుగాలిలో సైకిల్‌ని నీళ్లలో దించక్కర్లేదు, ఊరికే నిలబెడితే చాలు. పొద్దున్నే చైన్ మీద వేలు పెట్టి చూడండి, నారింజ రంగు అంటుతుంది. ఉప్పు గాలిలో తడిని లాక్కుంటుంది. అందుకే సముద్రంలో తడిసిన టవల్ ఎంత ఎండలో వేసినా జిగటగానే ఉంటుంది, మంచినీళ్లలో జాడించేదాకా అంతే. మీ సైకిల్‌కీ అదే గతి.

రోజూ సాయంత్రం ఒక సీసా మంచినీళ్లు మెల్లగా పోసి కడగండి, పొడిగుడ్డతో తుడవండి. గట్టిగా పైపుతో కొట్టకండి, ఆ జోరుకి ఉప్పూ ఇసుకా తిన్నగా బేరింగుల్లోకి పోతాయి. చైన్‌కి పొద్దున్నే ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వేసి, పైన ఉన్నదంతా తుడిచేయాలి. నూనె పని చేయాల్సింది లోపల. పైన మిగిలితే ఇసుక అంటుకుని ఆకురాయిలా పళ్లని తింటుంది.

తడి ఇసుక గట్టిగా ఉందని బీచ్ మీద తొక్కాలనిపిస్తుంది. నాలుగంగుళాల లావు టైర్లున్నవాళ్లు గాలి బాగా తగ్గించుకుని తొక్కుతారు. మామూలు టైరు దిగబడుతుంది, ఆ ఉప్పునీళ్లు పెడల్ ఇరుసులోకీ హబ్బుల్లోకీ పోతాయి. ఫోటోకి తోసుకెళ్లండి చాలు.

బయల్దేరే ముందు సీటు గొట్టం బయటికి లాగి, తుడిచి, గ్రీజు రాసి పెట్టండి. ఇద్దరివీ. స్టీలు ఫ్రేములో అల్యూమినియం గొట్టం ఉంటే, ఉప్పుతడికి రెండు లోహాలూ కలిసి అల్యూమినియాన్ని తినేస్తాయి. అది పొడిగా ఉబ్బి గొట్టం కరుచుకుంటుంది. తర్వాత మీరూ మీ దేవుడూ. క్యారియర్ బోల్టులు రోజూ పొద్దున్నే చేత్తో ఊపి చూడండి. 5 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు అదనంగా, ప్లాస్టిక్ ట్యాగులు పది. సామాను బరువుకి వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకులే ముందు తెగుతాయి, అవీ సరైన పొడవువి రెండు పెట్టుకోండి.


కొత్తపెడల్ | ఆదివారం రాత్రి 9:15

అన్నీ రాసుకున్నాను. సామాను 11.4 కిలోలకి దిగింది (కుర్చీతో!). రోజుకి 58, ఐదు రోజుల్లో 290 దగ్గర ఆపేలా మార్చాం. వెళ్లొచ్చాక రాస్తాను.


నిర్వాహకుడు | సోమవారం ఉదయం 10:00

సామాను మీద వాదన ఇక్కడికి చాలు. నాలుగుసంచులు, సగంబరువు, మీకు విడిగా చర్చ తెరిచాను, అక్కడ కొట్టుకోండి.


(పద్దెనిమిది రోజుల తర్వాత)


కొత్తపెడల్ | శుక్రవారం రాత్రి 8:47

వచ్చేశాం. బతికే ఉన్నాం. మొత్తం 271 కిలోమీటర్లు.

మొదటి రోజు 61, పదిన్నరకే అయిపోయింది. "ఇంతేనా" అనుకున్నాం. రెండో రోజు అదే ధైర్యంతో, పదకొండుకి ఆగకుండా "ఇంకో పదిహేనేగా" అని బయల్దేరాం. గాలివాటం గారూ, ఆ పదిహేను కిలోమీటర్లకీ రెండు గంటల పది నిమిషాలు పట్టింది. దిగుడులో కూడా పెడల్ తొక్కితేనే బండి కదిలింది! ఒక మలుపు దగ్గర కొండ చాటు పోగానే పక్కగాలి ఒక్క తోపు తోసింది, రోడ్డు మధ్యదాకా పోయాను. వెనక లారీ లేదు కాబట్టి ఈ పోస్టు రాస్తున్నాను. ఆ తర్వాత గడియారం పదకొండు చూపిస్తే చాలు, ఎక్కడుంటే అక్కడ దిగిపోయాం. నాలుగో రోజు పొద్దుట్నుంచే ముసురు, గాలి. 31 తొక్కి చాలించాం. ఆ మధ్యాహ్నమంతా ఒక రేకుల షెడ్డు కింద వంతులవారీగా కుర్చీలో కూర్చున్నాం. కుర్చీ దాతకి వెయ్యి దండాలు.

టెంట్ పందెం ఫలితం. మొదటి రాత్రి ఇసుకగూడు గారి మాట విని మూతి నేల వైపు పెట్టాం. పడుకునేదాకా హాయిగా ఉంది. మూడింటికి పై గుడ్డ పటపటా కొట్టుకోవడం మొదలైంది. ముందు ఎవరో బయట ఉన్నారనుకున్నాం. లేచి చూస్తే గాలి లోపలికొచ్చి గుడ్డ బెలూన్‌లా ఉబ్బింది, ఇసుక దుప్పటి మీద సన్నగా పొరలా పరుచుకుంది, పళ్ల మధ్య కరకర. చల్లగా కూడా ఉంది. ఇసుకసంచి మాత్రం అంగుళం కదల్లేదు. పొద్దున్నే తవ్వి తీయడానికే తాతలు దిగొచ్చారు.

ఇంకా: జిప్పులో ఇసుక పడి మూడో రోజు టెంట్ తలుపు సగంలో ఇరుక్కుంది, పళ్లు తోముకునే బ్రష్‌తో దులిపితే వచ్చింది. సన్‌స్క్రీన్ ముఖానికీ చేతులకీ రాసుకున్నాం, పిక్కలు మర్చిపోయాం. రోజూ పొద్దున్నే తొక్కడం, రోజూ ఒకే దిక్కుకి. ఎండ ఒక పక్కే కొట్టి ఎడమ పిక్క ఒక్కటే ఎర్రగా కాలింది. ఇద్దరికీ ఎడమదే! కుడిచేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ మొద్దుబారాయి, ఇప్పటికీ కొంచెం అలాగే ఉన్నాయి.

క్యారియర్ బోల్టు మూడో రోజు ఊడింది. ఆ ఒక్క పొద్దున్నే ఊపి చూడలేదు. సంచి లోపలికి వాలి స్పోకులకి రాసుకుంటూ టకటకటక అంటుంటే ఏదో పురుగు అనుకుని అర కిలోమీటరు పోయాను. అదనపు బోల్టు ఉంది కాబట్టి పది నిమిషాల్లో అయింది.


గాలివాటం | శుక్రవారం రాత్రి 9:05

271 బాగా తొక్కారు. టెంట్ ఏదైనా వాగు పక్కన వేశారా? లోయలో చల్లబడ్డ గాలి రాత్రి నీళ్లలాగే కిందికి జారి వాగు మూతి నుంచి బయటికొస్తుంది. మామూలు నేలగాలి ఇసుకగూడు గారన్నట్టు ఉఫ్ అనేంతే, వాగు దగ్గర మాత్రం కాదు.


కొత్తపెడల్ | శుక్రవారం రాత్రి 9:09

వాగు పక్కనే. గిన్నెలు కడుక్కోవడానికి బాగుంటుందని.


ఇసుకగూడు | శుక్రవారం రాత్రి 9:20

అంటే నేను సగం గెలిచా.


నాలుగుసంచులు | శుక్రవారం రాత్రి 9:26

ఆ రెండు వేళ్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. అరచేతి మడమ మీద బరువంతా వేసి పట్టుకుంటే అక్కడ పోయే నరం నలుగుతుంది. ఆ నరం పనిచేసేది సరిగ్గా ఆ రెండు వేళ్లకే. ఈసారి హ్యాండిల్ కొంచెం ఎత్తండి, పది నిమిషాలకోసారి చేయి మార్చండి. రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.


తుప్పువైద్యుడు | శుక్రవారం రాత్రి 9:40

సైకిళ్లు కడిగారా?


కొత్తపెడల్ | శుక్రవారం రాత్రి 9:44

దారిలో రోజూ కడిగాం. వచ్చాక... రేపు.


తుప్పువైద్యుడు | శుక్రవారం రాత్రి 9:45

రేపు కాదు. ఇప్పుడే. సీటు గొట్టాలు లాగి చూసి చెప్పండి, మేలుకునే ఉంటా.


కొత్తపెడల్ | శుక్రవారం రాత్రి 10:52

నాది సులువుగా వచ్చింది. మా స్నేహితురాలిది రావట్లేదు. అసలు కదలట్లేదు. వెళ్లేముందు గ్రీజు రాయమన్నారు కదా, నాదానికి రాశాను. తనది "నిన్ననే సర్వీసింగ్ చేయించా" అంటే నమ్మాను. పాత స్టీలు సైకిల్. సుత్తితో కొట్టమంటారా?


తుప్పువైద్యుడు | శుక్రవారం రాత్రి 10:55

సుత్తి కింద పెట్టండి!! ఐదు రోజుల్లో అంత బిగుసుకోదు, ఏళ్ల తరబడి పట్టినదే అది. బోల్టు పూర్తిగా వదులు చేసి, గొట్టం చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న ఇంకోసారి పోయండి. తర్వాత సీటుని రెండు చేతులా పట్టుకుని పైకి లాగకుండా అటూ ఇటూ తిప్పండి. ఒకరు ఫ్రేము పట్టుకోవాలి.


కొత్తపెడల్ | ఆదివారం ఉదయం 7:31

నిన్న కదల్లేదు. ఈ పొద్దున్న, మూడోసారి నూనె పోశాక, "టక్" అంది. వేలెడు మేర తిరిగింది, ఇంకా బయటికి రాలేదు. అంచు చుట్టూ సున్నంలా తెల్లపొడి రాలుతోంది. ఫోటో పెడుతున్నాను, ఇది మామూలేనా?


తుప్పువైద్యుడు | ఆదివారం ఉదయం 7:35

మామూలే, అదే తినేసిన అల్యూమినియం. తిప్పుతూనే ఉండండి, మధ్యాహ్నానికి వస్తుంది.